ముద్ద దిగాలి: క్యాన్సర్ రోగుల నోటి సంరక్షణ కోసం ఉద్యమ ప్రణాళిక

కీమో ఎక్కించిన వారం పది రోజులకు నోరు పూస్తుంది. మెడకో దవడకో కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటున్నవాళ్లకు రెండో వారం దాటగానే మంట మొదలై, ఐదో వారానికో ఆరో వారానికో మంచినీళ్లు మింగడమే గండమవుతుంది. ఇది ఎవరికో ఒకరికి అరుదుగా వచ్చే బాధ కాదు. మామూలు మోతాదు కీమోలో పది మందికి ఇద్దరి నుంచి నలుగురికి వస్తుంది. మూలకణ మార్పిడికి ముందు భారీ మోతాదు మందు ఎక్కించుకునేవాళ్లలో పదికి ఎనిమిది మందికి వస్తుంది. తల, మెడ భాగాలకు రేడియేషన్ పడేవాళ్లలో దాదాపు అందరికీ వస్తుంది. వస్తుందని ముందే తెలుసు, ఏ వారంలో వస్తుందో కూడా తెలుసు. అయినా రోగికి ఆ సంగతి తెలిసేది చాలాసార్లు నోరు పూశాకే. ఈ ఉద్యమం పుట్టింది అందుకే.

మేం క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లం, ఇంకా వైద్యంలో ఉన్నవాళ్లం, వాళ్ల మంచం పక్కన కూర్చుని చెంచాతో జావ పోసినవాళ్లం. మాతోపాటు పళ్ల డాక్టర్లు, నర్సులు, రేడియేషన్ గదిలో పనిచేసేవాళ్లు కొందరున్నారు. మా డిమాండు ఒక్కటే, మిగిలినవన్నీ దానికి కొమ్మలు. కణితికి మందు రాసిన కాగితం మీదే, అదే రోజు, నోటికీ రాయాలి.

నోటి పుండును ఓర్చుకోవాల్సిన చిన్న ఇబ్బందిగా చూసే అలవాటు డాక్టర్లలో ఉంది, ఇళ్లలోనూ ఉంది. ఆ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ ఆరేడు వారాలు సాగుతుంది, వారానికి ఐదు రోజులు, మొత్తం మోతాదు సాధారణంగా 60 నుంచి 70 గ్రే. మధ్యలో ఆగితే చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు జోరుగా పెరుగుతాయి, నాలుగో వారం తర్వాత మరీను. అనుకున్న గడువుకన్నా ఆలస్యమైన ఒక్కో రోజుకు ఆ చోట క్యాన్సర్ అదుపులో ఉండే అవకాశం ఒక శాతం పైచిలుకు తగ్గుతుందని రేడియేషన్ వైద్యులు లెక్కగడతారు. నోరు కాలిపోతోంది, మింగలేను, వారం రోజులు ఊరెళ్లి వస్తానంటూ సంచి సర్దుకున్న మనిషి ఏం పోగొట్టుకుంటున్నాడో ఈ లెక్క చెబుతుంది. అతణ్ని ఆపడానికి మంచి మాటలు సరిపోవు. మంట తగ్గించే మందు, మింగగలిగే తిండి కావాలి.

ఈ విషయంలో తెలుగువాళ్లకు మిగతావాళ్లకన్నా కాస్త ఎక్కువ బాధ్యత ఉందని మా నమ్మకం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లో, ఆయన బృందం అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో అచ్చయిన ఆ పత్రంలో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గిందని ఉంది. అదే పత్రంలో నోరు పూయడం గురించీ ఉంది. కీమో చరిత్ర మొదటి పుటల్లోనే, మన మనిషి మందుతోనే, ఈ బాధ నమోదైందన్నమాట. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం చేసినదే. శరీరంలో ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుని, వేగంగా విభజన చెందే కణాలను ఆపడం దీని పద్ధతి. చెంప లోపలి పొర వారం రెండు వారాలకోసారి కొత్తదవుతుంది కాబట్టి క్యాన్సర్ కణాలతోపాటు ఆ పొరకూ దెబ్బ తగులుతుంది. ఇవాళ మన దేశంలో ముదిరిన నోటి క్యాన్సర్‌కు వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు, వాటితో సెలికాక్సిబ్ ఇచ్చే చౌక వైద్యం ఉంది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు దాని ఫలితాలను 2020లో ప్రకటించారు. ఇక్కడో హెచ్చరిక. వారానికోసారి వేసుకోవాల్సిన ఆ మాత్రను ఇంట్లో పొరపాటున రోజూ వేస్తే ప్రమాదాన్ని ముందుగా చెప్పేది నోరే. ఆ మాత్ర వాడుతున్నవాళ్లకు ఒక్కసారిగా నోరంతా పూస్తే మందు ఆపి, అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

సుబ్బారావుగారి జయంతికి దండలు వేస్తాం. ఆయన మందుతో పూసిన నోటికి ఏం చేయాలో తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి రోగి చేతిలో పెట్టడం అంతకన్నా మంచి నివాళి.

మన ఇళ్లలో నోరు పూస్తే వినబడే మొదటి మాట "వేడి చేసింది". వెంటనే మజ్జిగ, సబ్జా గింజలు, మెడికల్ షాపు నుంచి బీకాంప్లెక్స్ మాత్రలు. మామూలు నోటిపూతకు ఇవి చేటు చేయవు. కీమోలో ఉన్న మనిషికి మాత్రం "వేడి" అనుకుని ఊరుకున్న నాలుగు రోజులు కీలకం కావచ్చు. ఆ రోజుల్లోనే తెల్లకణాలు బాగా పడిపోతాయి, నోటి పుండు సూక్ష్మజీవులకు తెరిచిన తలుపు అవుతుంది. నోరు పూసి ఉండగా జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆస్పత్రిలో చేరాలి. నాలుక మీద, చెంపల్లో పెరుగు తరకల్లా తెల్లటి మచ్చలు కనబడితే అది చాలావరకు ఫంగస్. దానికి వేరే మందు ఉంది, బాగా పనిచేస్తుంది. పాచి అనుకుని గీకితే రక్తం వస్తుంది.

మొదలుపెట్టాల్సింది మాత్రం పుండు వచ్చాక కాదు. రేడియేషన్ తేదీ ఖాయం కాకముందే పళ్ల డాక్టరు నోరు చూడాలి. పుచ్చినవి, కదిలేవి, చిగురు కింద చీము పట్టినవి ఉంటే అప్పుడే తీసేయాలి, గాయం మానడానికి కనీసం రెండు వారాలు దొరకాలి. కారణం ఇది. భారీ మోతాదు రేడియేషన్ పడిన దవడ ఎముకకు రక్తప్రసారం తగ్గిపోతుంది. ఏళ్ల తర్వాత ఆ చోట పన్ను పీకినా గాయం మానక ఎముక చచ్చి బయటపడవచ్చు. రేడియేషన్ పూర్తయి పదేళ్లయినా ఈ ముప్పు పోదు. ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు జోలెడ్రానిక్ ఆమ్లం ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ల దవడకూ ఇలాంటి ప్రమాదమే ఉందని 2003 నుంచి వైద్యలోకానికి తెలుసు, డెనోసుమాబ్‌తోనూ అంతేనని తర్వాత తేలింది. అయినా పన్ను తీస్తే కళ్లు పోతాయన్న భయం మన ఊళ్లలో ఇంకా గట్టిగానే ఉంది. పై దవడ పన్ను పీకించుకున్నందుకు ఎవరి చూపూ పోదు. చెప్పాల్సినవాళ్లు ఓపిగ్గా చెప్పాలి, వెటకారం చేయకూడదు.

ఇక వైద్యం నడుస్తున్న రోజులు. అన్నిటికన్నా చౌకైన మందు వంటింట్లో ఉంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు. మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయాలి, తర్వాత మంచినీళ్లతో కడుక్కోవాలి. దీనివల్ల పుండు రాకుండా పోదు, నోరు శుభ్రంగా తేమగా ఉంటుంది, జిగురు తెగుతుంది, అంతే. ఆ అంతే చాలా ముఖ్యం. పుండు పడ్డాక వేపపుల్ల, పళ్లపొడి, ఉప్పు రుద్దడం మానేసి చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌కు మారాలి. రంగురంగుల మౌత్‌వాష్‌లు కొనేముందు సీసా మీద ఆల్కహాల్ ఉందేమో చదివించుకోవాలి. ఉంటే అది పుండు మీద నిప్పే. పళ్ల జబ్బులకు విరివిగా రాసే క్లోర్‌హెక్సిడిన్‌ను రేడియేషన్ పుండు నివారణ కోసం వాడవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అలవాటు కొద్దీ చీటీ మీద ఇంకా పడుతూనే ఉంటుంది.

ఫలితం ఉందని తేలినవి కొన్నున్నాయి, అవి మాకు కావాలి. రేడియేషన్ మొదలైనప్పటి నుంచి బెంజైడమైన్ పుక్కిలింత. సౌకర్యం ఉన్నచోట తక్కువ శక్తి లేజర్. 5-ఎఫ్‌యూ అనే కీమో మందును ఒక్కసారిగా ఎక్కించే పద్ధతిలో ఐదు నిమిషాల ముందు నుంచి అరగంటసేపు నోట్లో ఐసుముక్కలు చప్పరించడం. చల్లదనానికి నోటి రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. ఇంత చిన్న ఉపాయానికి ఫ్రిజ్‌లో ఒక ట్రే చాలు, అయినా వార్డులో ఐసు అడిగితే వింతగా చూస్తారు. ఒక్క జాగ్రత్త. అదే వైద్యంలో ఆక్సాలిప్లాటిన్ కూడా ఉంటే ఐసు పనికిరాదు, ఆ మందు చల్లదనానికి గొంతు, నోరు జివ్వుమనేలా చేస్తుంది. అందుకే డాక్టర్ని అడగకుండా ఎవరూ ఐసు నోట్లో వేసుకోవద్దు. రొమ్ము క్యాన్సర్‌కు ఎవరోలిమస్ మాత్ర వేసుకునేవాళ్లకు డెక్సామెథసోన్ పుక్కిలింత ముందునుంచే మొదలుపెడితే బాధపెట్టే పుండ్లు చాలా తగ్గుతాయని 2017లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. ఇది తెలియక ఖరీదైన మాత్రలే ఆపేసుకుంటున్నవాళ్లున్నారు.

నొప్పి విషయంలో మేం రాజీపడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో నోటి పుండుకు సున్నా నుంచి నాలుగు దాకా మెట్లున్నాయి. రెండులో గట్టి తిండి తినగలరు, మూడులో ద్రవాలే దిగుతాయి, నాలుగులో నోటి ద్వారా ఏదీ వెళ్లదు. మూడు నాలుగు మెట్ల నొప్పికి పారాసిటమాల్ ఇచ్చి పంపడం అన్యాయం. అక్కడ మార్ఫిన్ కావాలి. మార్ఫిన్ అంటే ఇళ్లలో మత్తుమందు అన్న బెరుకు, ఆస్పత్రుల్లో లైసెన్సుల బెరుకు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని పార్లమెంటు 2014లో సవరించి, వైద్యానికి తప్పనిసరైన ఈ మందులకు రాష్ట్రానికో రకం అనుమతుల గొడవ తగ్గించింది. చట్టం దారి ఇచ్చాక కూడా మందు బీరువాలోనే ఉంటే తప్పు చట్టానిది కాదు.

తిండి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మన ఇళ్లలో జబ్బు మనిషిని ముందుగా అందుకునేది పథ్యం కాబట్టి. పెరుగు కఫం, గుడ్డు వేడి, వంకాయ దురద, పప్పు వాతం అని ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి పళ్లెంలో మిగిలేది చారన్నం. పుండు మానడానికి మాంసకృత్తులు కావలసిన రోజుల్లో వాటినే కోసేస్తున్నాం. ఇంకోవైపు రోగే నోరు చప్పబడి, ఇనుము నాకినట్టుంటోందని ఆవకాయ అడుగుతాడు, గోంగూర అడుగుతాడు. పుండున్న నోటికి పులుపూ కారమూ ఎలా ఉంటాయో ఒక్కసారి తిన్నాక అతనికే తెలుస్తుంది. ఆ తర్వాత మొత్తంగా తిండి అంటేనే భయపడతాడు. మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, నెయ్యి వేసి జారుగా చేసిన ముద్దపప్పు, మెత్తగా ఉడికిన గుడ్డు, పాలు పోసిన రాగిజావ, వేయించిన పల్లీలు మెత్తగా నూరి కలిపిన గంజి, మగ్గిన అరటిపండు, మిక్సీలో తిప్పిన చికెన్ సూపు, ఇవన్నీ దిగుతాయి. వేడివేడిగా కాకుండా చల్లారాక, మూడు పూటలకు బదులు ఆరు పూటలుగా ఇవ్వాలి. భోజనానికి పావుగంట ముందు నొప్పి మందు వేస్తే ముద్ద తేలిగ్గా దిగుతుంది. ఇవేవీ దిగని రోజు ముక్కు గొట్టం పెడదామని డాక్టరంటే చావు దగ్గరపడిందని ఇంటిల్లిపాదీ ఏడవడం చూశాం. ఆ గొట్టం నోరు కోలుకునేదాకా వేసుకున్న తాత్కాలిక దారి. నోరు బాగుపడ్డాక తీసేస్తారు.

మనకు మరో చరిత్ర కూడా ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పుకొన నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు మీద డెన్మార్క్, భారత్ పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రకటించిన పత్రం ప్రపంచ వైద్యగ్రంథాల్లోకి ఎక్కింది. అంగుడి మీద క్యాన్సర్ ఎలా వస్తుందో వాళ్ల నోళ్లు చూసే ప్రపంచం నేర్చుకుంది. ఇవాళ చుట్ట తగ్గి గుట్కా వచ్చింది. 2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం దేశంలో ఒక్క ఏడాదిలో పెదవి, నోటి క్యాన్సర్లు 1,43,000 పైగా కొత్తగా వచ్చాయి. గుట్కా, వక్క నమిలి వైద్యానికి ముందే నోరు బిగుసుకుపోయిన కుర్రాళ్లకు రేడియేషన్ పడితే దవడ ఇంకా బిగుస్తుంది. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 35 మిల్లీమీటర్లకన్నా తక్కువ తెరుచుకుంటే వైద్యులు దాన్ని జబ్బుగానే లెక్కిస్తారు. ఇంట్లో కొలత ఇంకా సులువు, సొంత వేళ్లు మూడు నిలువుగా దూరాలి. దూరినా దూరకపోయినా ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య ఉంచే వ్యాయామం మొదటి రోజు నుంచే నేర్పాలి, బిగుసుకున్నాక నేర్పితే ఫలితం తక్కువ. ఇంకో మాట కూడా. "నువ్వు నమిలావు, అందుకే అనుభవిస్తున్నావు" అనే మాట ఓపీలో వినబడకూడదు. తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు కదా అతను వచ్చింది.

వైద్యం అయిపోయాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నోరు మాత్రం అప్పుడే ఎండిపోయి ఉంటుంది. చెవుల ముందుండే లాలాజల గ్రంథుల మీద రేడియేషన్ ఎక్కువ పడితే ఉమ్మి ఊరడం ఏళ్ల తరబడి, కొందరికి శాశ్వతంగా తగ్గిపోతుంది. గ్రంథులను వీలైనంత తప్పించి కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి మీద బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గంతగా నోరు ఎండిపోవడం పాత పద్ధతిలో 74 శాతం మందికి ఉంటే కొత్త పద్ధతిలో 38 శాతానికి తగ్గింది. కాబట్టి ఏ యంత్రం మీద, ఏ పద్ధతిలో అన్నది రోగి అడగదగ్గ ప్రశ్నే. ఉమ్మి లేని నోట్లో పళ్లు చిగురు దగ్గర గోధుమ రంగుకు తిరిగి పుచ్చిపోతాయి. నోరు ఎండుతోందని పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకునే మన అలవాటు దానికి ఆజ్యం పోస్తుంది. దీనికి మందు రోజూ పళ్లకు పట్టించే ఫ్లోరైడ్ జెల్, జీవితాంతం. నల్లగొండ నీళ్లు చూసినవాళ్లకు ఫ్లోరైడ్ పేరు చెబితే గుండె ఝల్లుమంటుంది, అది సహజం. అక్కడ ఎముకలు వంచింది ఏళ్ల తరబడి తాగిన నీళ్లలో మితిమీరిన ఫ్లోరైడ్. ఇది పళ్ల మీద పట్టించి ఉమ్మేసేది, మింగేది కాదు.

ప్రభుత్వాలను, ఆస్పత్రులను మేం అడుగుతున్నవి పెద్ద ఖర్చు పనులు కావు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి క్యాన్సర్ ఆస్పత్రి తలుపు తెరిచింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఈ పథకాలు రెండూ కీమో, రేడియేషన్ ప్యాకేజీల్లో నోటి సంరక్షణను విడిగా, పేరు పెట్టి చేర్చాలి. ముందస్తు పళ్ల పరీక్ష, పుక్కిలింత మందులు, నొప్పి మందు, తర్వాతి ఏళ్ల ఫ్లోరైడ్ అన్నీ అందులో ఉండాలి. రేడియేషన్ యంత్రం ఉన్న ప్రతి ఆస్పత్రికీ ఒక పళ్ల డాక్టరు ఉండాలి. సొంతంగా పెట్టుకోలేని ఆస్పత్రులు దగ్గర్లోని డెంటల్ కాలేజీతో ఒప్పందం చేసుకోవాలి, రెండు రాష్ట్రాల్లో డెంటల్ కాలేజీలకేం కరువు లేదు. రోగి వచ్చిన ప్రతిసారీ టార్చితో నోరు చూసి, ఏ మెట్టులో ఉందో కేసు షీటు మీద అంకె వేయాలి. అంకె వేయని చోట జవాబుదారీ ఉండదు. ఊళ్లో ఆశా కార్యకర్తకూ ఆర్‌ఎంపీకీ ఒక పూట శిక్షణ ఇవ్వాలి, రాత్రి పది గంటలకు నోరు పూసిన మనిషి ముందుగా వెళ్లేది వాళ్ల దగ్గరికే.

మా వంతు పని కూడా రాసుకుంటున్నాం. ఓపీ వరుసల్లో కూర్చుని కొత్త రోగులతో మాట్లాడతాం, తెలుగులో ఒక పేజీ కాగితం పంచుతాం. చదువురానివాళ్లకు చదివి వినిపిస్తాం. టూత్‌పేస్టు, మౌత్‌వాష్ కంపెనీల నుంచి రూపాయి తీసుకోం, వాళ్ల బ్యానర్ కింద నిలబడం. క్యాన్సర్‌ను కషాయంతో తగ్గిస్తామనేవాళ్లతో వేదిక పంచుకోం. నోటిపూత భరించలేక వైద్యం మానేద్దామనుకునే మనిషికి మానేయమని గానీ, ఓర్చుకోమని గానీ చెప్పం. నొప్పి తగ్గించమని అతని తరఫున డాక్టర్ని అడుగుతాం, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడతాం. సంఘానికి పేరు, జెండా, అధ్యక్షుడు తర్వాత. ప్రస్తుతానికి ప్రతి ఆస్పత్రిలో ఇద్దరు చాలు, ఒక టార్చి చాలు.

ఇది చదువుతున్న మీ ఇంట్లో ఎవరికైనా కీమోకో రేడియేషన్‌కో తేదీ ఇచ్చి ఉంటే, ఆ తేదీకి ముందే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వైద్యం మొదలయ్యాక మొదటి మంట తెలిసిన రోజే నర్సుకు చెప్పండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. "మామూలే" అని జవాబొస్తే మళ్లీ అడగండి. ఒంటరిగా అడగడానికి మొహమాటమైతే మమ్మల్ని తోడు తీసుకెళ్లండి.